ఫ్రైస్ ఎలక్ట్రానిక్స్ గుర్తుందా? సన్నీవేల్, ఫ్రీమాంట్, డాలస్ పాతవాళ్ళు ఒకసారి ఇటు రండి

పాత_సన్నీవేల్ | శనివారం ఉదయం 9:12

2025 మే 30న శాంటా క్లారాలో మైక్రో సెంటర్ అనే కంప్యూటర్ల షాపు తెరిచినప్పటినుంచి మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట, "ఇన్నాళ్ళకి ఫ్రైస్ లేని లోటు తీరింది" అని. నాకైతే తీరలేదు. ఎందుకు తీరలేదో నాలాంటివాళ్ళతో మాట్లాడాలనిపించి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. 1985లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో జాన్, ర్యాండీ, డేవిడ్ ఫ్రై అనే ముగ్గురు అన్నదమ్ములు, క్యాథరిన్ కోల్డర్ కలిసి పెట్టిన షాపు ఇది. వాళ్ళ నాన్న చార్ల్స్ ఫ్రైది సూపర్‌మార్కెట్ల వ్యాపారం. 1972లో ఆయన దాన్ని అమ్మేశారు. ఫీనిక్స్‌లో మనవాళ్ళు ఈరోజుకీ పాలు, కూరగాయలు తెచ్చుకునే ఫ్రైస్ ఫుడ్ అదే. కొడుకులు సరుకుల షాపు పద్ధతిలోనే చిప్పులు, మదర్‌బోర్డులు అమ్మారు. ఒక వరుసలో రెసిస్టర్లు, పక్క వరుసలో కోక్, బంగాళాదుంప చిప్స్, ఇంకో వరుసలో ప్రోగ్రామింగ్ పుస్తకాలు. రాత్రంతా పని చేసే ఇంజినీరుకి ఏమేం కావాలో అవన్నీ ఒకే కప్పు కింద.

2021 ఫిబ్రవరి 24న, అప్పటికి 9 రాష్ట్రాల్లో మిగిలిన 31 షాపులూ ఒకేసారి మూసేశారు. క్లియరెన్స్ సేల్ లేదు, ముందస్తు ప్రకటన లేదు. రాత్రికి రాత్రి వెబ్‌సైట్లో నాలుగు ముక్కలు పెట్టారు, అంతే.

నేను 1998లో దిగాను. వైటూకే బ్యాచ్, అంటే 2000 సంవత్సరం వచ్చేలోపు పాత ప్రోగ్రాముల్లో తారీఖులు సరిచేయడానికి వచ్చినవాళ్ళం. నాలుగు రోజులు కాకముందే రూమ్మేట్లు కారెక్కించి తీసుకెళ్ళింది అక్కడికే. మీ సంగతులు రాయండి.

---

ఫ్రీమాంట్_పద్మ | శనివారం ఉదయం 9:40

మంచి చర్చ అండీ. మాది ఫ్రీమాంట్ షాపు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన థీమ్‌తో కట్టారు. లోపల టెస్లా కాయిల్ పెట్టారు. మా పిల్లలిద్దరికీ కరెంటు మీద మొదటి పాఠం అక్కడే. ఏసీ, డీసీ అంటే ఏమిటి, టెస్లా ఎవరు, ఎడిసన్‌తో ఆయనకి గొడవేమిటి అని మా ఆయన ఆ కాయిల్ దగ్గర నిలబడి చెప్పేవారు. పక్కన ఎవరో తెలియని పిల్లలు కూడా వచ్చి వినేవాళ్ళు.

శనివారం గుడికెళ్ళి, అక్కడినుంచి ఫ్రైస్‌కి వెళ్ళి, ఇంటికి రావడం. మా ఇంట్లో అది చాలా ఏళ్ళు నడిచిన పద్ధతి.

---

ఆస్టిన్_శేఖర్ | శనివారం ఉదయం 10:05

థీములు అనగానే ఆగలేకపోతున్నా. మా ఆస్టిన్‌ది సంగీతం, ముందు భాగమే పెద్ద పియానో. బర్బ్యాంక్‌లో గోడకి ఎగిరే పళ్ళెం గుద్దుకున్నట్టు ఉండేది, లోపల 1950ల సైన్స్ ఫిక్షన్ సినిమాల్లోలాగా పెద్ద పెద్ద చీమలు. హ్యూస్టన్ దగ్గర వెబ్‌స్టర్‌లో అంతరిక్ష కేంద్రం, నాసా పక్కనే కదా. శాన్ హోసేలో బ్రోకా రోడ్ మీద మయన్ గుడి. మరి ఈజిప్టుది ఎక్కడ?

---

పాత_సన్నీవేల్ | శనివారం ఉదయం 10:11

ఈజిప్టుది క్యాంప్‌బెల్ శేఖర్ గారూ. ప్యాలో ఆల్టోది కౌబాయ్ ఊరు. మా సన్నీవేల్‌ది సిలికాన్ వ్యాలీ చరిత్ర.

ప్యాలో ఆల్టో షాపు గురించి ఒకటి చెప్పాలి. ఆ భవనం మొదట పళ్ళూ కూరగాయలూ డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ. 1918లో టామస్ ఫూన్ చూ అనే చైనా నుంచి వచ్చిన వ్యాపారి కట్టించాడు. చైనావాళ్ళని ఈ దేశానికి రానివ్వని చట్టం అమల్లో ఉన్న రోజుల్లో, ప్రపంచంలోనే పెద్ద డబ్బాల ఫ్యాక్టరీల్లో ఒకదాన్ని నడిపాడాయన. తర్వాత అదే గోడల మధ్య మనం ర్యామ్ కొనుక్కున్నాం. ఈ లోయంతా ఒకప్పుడు ఆప్రికాట్ తోటలని విన్నప్పుడల్లా నాకు ఆ భవనమే గుర్తొస్తుంది. ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు ఇక్కడ ఏదో ఒకటి కట్టుకుంటూ పోయిన చరిత్ర అది. మనమూ అందులో ఉన్నాం.

ఇంకో సంగతి. జాన్ ఫ్రై గణితం చదివినవాడు. 1994లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటిక్స్ పెట్టినవాళ్ళలో ఆయన ఒకరు. చాలా ఏళ్ళు ఆ సంస్థ నడిచింది ఆ ప్యాలో ఆల్టో ఫ్రైస్ ప్రాంగణంలోనే. ముందు హార్డ్ డిస్కుల అమ్మకం, వెనక ప్రపంచం నలుమూలలనుంచి వచ్చిన గణితవేత్తల వర్క్‌షాపులు.

---

కొత్త_బ్యాచ్_22 | శనివారం ఉదయం 11:30

నేను 2022లో ఎమ్మెస్‌కి వచ్చాను, ఫ్రైస్ చూడలేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా, తప్పుగా అనుకోకండి. ఇవాళ ఆర్డర్ పెడితే రేపు పొద్దున్నకి గుమ్మం ముందు ఉంటుంది. రివ్యూలు చదువుకోవచ్చు, ధర పోల్చుకోవచ్చు. ఒక షాపు మూతపడితే ఇంత బాధ ఎందుకు? కట్టడాలు, థీములు సరే, కొనడానికి ఏం తేడా?

---

సోల్డర్_మావయ్య | శనివారం మధ్యాహ్నం 12:20

మంచి ప్రశ్న తమ్ముడూ. ఇందులో తప్పుగా అనుకోవడానికేముంది.

ఆన్‌లైన్‌లో వెతకాలంటే నీకు కావలసినదాని పేరు తెలియాలి. ఫ్రైస్‌లో పేరు తెలియనక్కర్లేదు. కాలిపోయిన ముక్క జేబులో వేసుకుని వెళ్ళేవాణ్ణి. విడిభాగాల వరుసలో కొక్కేలకి వేలాడే చిన్న చిన్న ప్యాకెట్లు వందలకొద్దీ. ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టి చూసుకోవడం. పిన్నుల మధ్య ఎడం సరిపోయిందా, కనెక్టర్ మగదా ఆడదా, అన్నీ అక్కడే తేలేవి. వెతుకుతున్నది దొరికేలోపు ఇంకో పది రకాల ముక్కలు కంటపడేవి. అవి ఎందుకు పనికొస్తాయో తెలుసుకోవాలనిపించేది. నేను చదివింది సివిల్. ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నది ఆ వరుసలో నిలబడే.

పక్కన ఎవరుండేవారో తెలుసా? రిటైరైన పాత ఇంజినీర్లు. ఇక్కడి పేరున్న కంపెనీల్లో పనిచేసి, ఇంట్లో రేడియోలు బాగుచేసుకునే ముసలాయనలు. నా చేతిలో ముక్క చూసి వాళ్ళే పలకరించేవారు. "దానికి ఇది వద్దు, ఎక్కువ వోల్టేజీ తట్టుకునే కెపాసిటర్ తీసుకో" అని చెప్పి వెళ్ళిపోయేవారు. వాళ్ళ పేర్లు కూడా నాకు తెలియవు. రివ్యూల్లో ఆ మాట దొరకదు నాన్నా, ఎందుకంటే నీ చేతిలో ఉన్న ముక్కని వాళ్ళు చూడరు కదా.

---

కోఠి_కుర్రోడు | శనివారం మధ్యాహ్నం 12:48

మావయ్యా, మీరు చెప్పింది మా కోఠి గుజరాతీ గల్లీకి అక్షరాలా సరిపోతుంది. నేను హైదరాబాద్‌లోనే ఉంటా, అమెరికా ఎప్పుడూ రాలేదు. ఇంజినీరింగ్‌లో మినీ ప్రాజెక్టు అంటే అందరం పోయేది అక్కడికే. కౌంటర్ మీద కాలిన ఐసీ పెడితే షాపాయన నంబరు కూడా చదవకుండా వెనక డబ్బాలోంచి తీసిచ్చేవాడు. "సర్క్యూట్ ఏంది, చూపియ్" అని అడిగి, మనం గీసిన దాంట్లో తప్పు చెప్పేవాడు. కంప్యూటర్ పార్టులకి సికింద్రాబాద్‌లో సీటీసీ. మెట్ల మీద నిలబడి మూడు షాపుల రేట్లు కనుక్కుని, మళ్ళీ మొదటి షాపుకే పోవడం.

ఇప్పటికీ రెండూ ఉన్నాయి, కానీ జనం తగ్గారు. ఫ్రైస్ సంగతి చదువుతుంటే మావాటి గురించి భయమేస్తోంది.

---

ఇర్వింగ్_రాజు | శనివారం మధ్యాహ్నం 1:35

డాలస్ తరఫున హాజరు. ఇక్కడికి ఫ్రైస్ ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. మా ఫోర్ట్ వర్త్‌లో టాండీ అని ఒక కంపెనీ, రేడియోషాక్ వాళ్ళది. 1990ల్లో వాళ్ళు ఇన్‌క్రెడిబుల్ యూనివర్స్ పేరుతో బ్రహ్మాండమైన షాపులు కట్టి, నడపలేక వదిలేశారు. వాటిలో కొన్నిటిని ఫ్రైస్ కొనుక్కుంది. కాలిఫోర్నియా దాటి టెక్సస్, ఆరిజోనా, ఆరెగన్‌లలోకి వాళ్ళు అడుగుపెట్టింది అలా.

రేడియోషాక్ కథ కూడా ఇలాగే అయింది. 1921లో బోస్టన్‌లో పుట్టింది, 1963లో టాండీ చేతికొచ్చింది. 1977లో టీఆర్‌ఎస్-80 అని 600 డాలర్లకి కంప్యూటర్ అమ్మారు, మానిటర్‌తో సహా. ఇళ్ళల్లోకి కంప్యూటర్ తెచ్చిన తొలి మూడు నాలుగు మోడళ్ళలో అదొకటి. చివరికి విడిభాగాల సొరుగులు మూలకి నెట్టి, సెల్‌ఫోన్లు అమ్ముకుంటూ కూర్చున్నారు. 2015లో దివాలా తీశారు, మళ్ళీ 2017లో ఇంకోసారి. ఫోన్లు అందరూ అమ్ముతారు. రెసిస్టర్ అమ్మేవాడు ఊరికి ఒక్కడే. ఆ ఒక్కడు వద్దనుకున్న రోజే వాళ్ళ కథ ముగిసింది, నా లెక్కలో.

---

వ్యాలీ_లెక్కలు | శనివారం మధ్యాహ్నం 2:10

జ్ఞాపకాలు బాగున్నాయి. కానీ ఎందుకు పోయిందో కూడా మాట్లాడుకోవాలి. అందరూ "అమెజాన్ చంపేసింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను ఒప్పుకోను.

అమెజాన్ దెబ్బ నిజమే. 2012 సెప్టెంబర్ దాకా కాలిఫోర్నియాలో అమెజాన్ సేల్స్ టాక్స్ వసూలు చేయలేదు. వెయ్యి డాలర్ల ల్యాప్‌టాప్ మీద షాపువాడికంటే 80, 90 డాలర్లు తక్కువ అక్కడే తేలేది. కానీ ఆ తేడా పోయాక కూడా ఫ్రైస్ కోలుకోలేదు కదా? అదే సమయంలో బెస్ట్ బై కూడా పోతుందనే అందరూ రాశారు. వాళ్ళేం చేశారు? 2012లో యూబేర్ జోలీ వచ్చాడు, 2013లో ఆన్‌లైన్ ధరకే ఇస్తామని ప్రకటించారు, షాపులోనే శాంసంగ్‌లాంటి కంపెనీలకి ప్రత్యేక చోటు ఇచ్చి వాళ్ళ దగ్గర డబ్బు తీసుకున్నారు. బతికారు.

ఫ్రైస్‌కి 2008 డిసెంబర్‌లోనే పెద్ద దెబ్బ తగిలింది. సరుకు కొనే విభాగం చూసే వైస్ ప్రెసిడెంట్‌ని అరెస్టు చేశారు. సప్లయర్ల దగ్గర 6.5 కోట్ల డాలర్ల పైచిలుకు లంచాలు తీసుకుని, లాస్ వేగాస్ క్యాసినోల అప్పులు తీర్చుకున్నాడని కేసు. తర్వాత నేరం ఒప్పుకున్నాడు, జైలుకెళ్ళాడు. ఇక 2019 వచ్చేసరికి పత్రికలన్నీ ఖాళీ అరల ఫొటోలు వేశాయి. కంపెనీ చెప్పింది కన్‌సైన్‌మెంట్ పద్ధతికి మారుతున్నామని. అంటే సరుకు సప్లయర్‌దే, అమ్ముడుపోయాకే అతనికి డబ్బు. ఏ సప్లయర్ ఒప్పుకుంటాడండీ? అమ్ముడుపోతుందో లేదో తెలియని చోట సొంత సరుకు పెట్టి ఎవరు కూర్చుంటారు? అరలు ఖాళీ, అరలు ఖాళీ కాబట్టి జనం రారు, జనం రారు కాబట్టి సప్లయర్ రాడు. కోవిడ్ రాకముందే ఆ సుడిలో ఉన్నారు. 2019 చివర్లో ప్యాలో ఆల్టో షాపు మూసినప్పుడే తెలిసిపోయింది.

---

సోల్డర్_మావయ్య | శనివారం మధ్యాహ్నం 2:31

లెక్కలు గారూ, మీరు చెప్పినవన్నీ నిజాలే. అయినా ఒక్క మాట. బెస్ట్ బై బతికింది కానీ విడిభాగాల వరుస పెట్టి బతకలేదు. మీ లెక్క ప్రకారం ఫ్రైస్ బతికినా, ఆ వరుస తీసేసి టీవీలు నింపి బతికేదేమో. అప్పుడూ ఈ చర్చ ఉండేది.

---

వ్యాలీ_లెక్కలు | శనివారం మధ్యాహ్నం 2:44

అలా కాకపోవచ్చు మావయ్య గారూ. మైక్రో సెంటర్ చూడండి. 1979లో ఒహైయోలో మొదలైంది, అదీ సొంత కంపెనీయే, షేర్ మార్కెట్లో లేదు. ఎక్కడపడితే అక్కడ షాపులు పెట్టకుండా, కంప్యూటర్ సొంతంగా కట్టుకునేవాళ్ళనీ పిల్లల ప్రాజెక్టులనీ నమ్ముకుంది. రాస్ప్‌బెర్రీ పై, ఆర్డుయినోలాంటి, ప్రాజెక్టులకి వాడే చిన్న బోర్డులు ముందు వరుసల్లో పెట్టుకుంది. శాంటా క్లారాలో 2012లో మూసేసినవాళ్ళు 2025లో మళ్ళీ వచ్చారంటే ఆ కొనేవాళ్ళు ఎక్కడికీ పోలేదనేగా. ఫ్రైస్ ఆ జనాన్ని పట్టుకుని ఉండాల్సింది. వాళ్ళని ఈ లోయలో తయారుచేసిందే ఫ్రైస్.

---

ఫ్రీమాంట్_పద్మ | శనివారం సాయంత్రం 4:02

కారణాలు మీరు తేల్చుకోండి. నేను సూట్‌కేసుల సంగతి చెప్తాను.

ఇండియా టికెట్ బుక్ అయిందంటే ఫ్రైస్‌కి ఒక లిస్టు తయారు. అమ్మావాళ్ళకి వెబ్‌కామ్, తమ్ముడికి ల్యాప్‌టాప్, మరిదికి డిజిటల్ కెమెరా, ఎవరెవరి పిల్లలకో పెన్ డ్రైవులు. ఇక్కడి వస్తువు అక్కడ పెట్టాలంటే 220 నుంచి 110కి మార్చే కన్వర్టర్. ప్రతి ఛార్జర్ వెనక చిన్న అక్షరాలు చదివి, 100–240 అని ఉంటే కన్వర్టర్ అక్కర్లేదని మా ఆయనకి నేర్పింది నేనే. శుక్రవారం పేపర్లో ఫ్రైస్ ప్రకటన పేజీలకి పేజీలు వచ్చేది. శాన్ హోసే మెర్క్యురీ న్యూస్ మేం తెప్పించుకున్నదే దానికోసం. నేను పెన్నుతో సున్నాలు చుట్టి పెడితే, శనివారం వెళ్ళేవాళ్ళం.

మా నాన్నగారు మొదటిసారి వచ్చినప్పుడు ఏం చూస్తారు, గోల్డెన్ గేట్‌కి వెళ్దామా అంటే, "ముందు నువ్వు ఫోన్లో ఎప్పుడూ చెప్పే ఆ కొట్టు చూపించు" అన్నారు. ఆయన కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. మల్టీమీటర్ల దగ్గర చాలాసేపు నిలబడిపోయారు. ఒకటి కొనిస్తే వద్దు వద్దన్నారు గానీ, ఊరికెళ్ళాక వీధిలో ఎవరింట్లో ఫ్యూజు పోయినా దాంతోనే బయల్దేరేవారు. నాన్నగారు ఇప్పుడు లేరు. మీటరు మా అన్నయ్య దగ్గరుంది, పనిచేస్తోంది.

---

కౌంటర్_వెనక | శనివారం సాయంత్రం 5:15

నేను కాలేజీ రోజుల్లో ఒక వేసవి ఫ్రైస్‌లో పనిచేశాను, విడిభాగాల విభాగంలోనే. తెల్ల చొక్కా, టై తప్పనిసరి. మా అమ్మ ఫొటో తీసి తెనాలి పంపించింది, మనవడు ఆఫీసర్ అయ్యాడని అమ్మమ్మ అందరికీ చూపించిందట.

అక్కడ నేను నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేదు. హైస్కూల్ రోబోటిక్స్ టీములు పోటీకి రెండు రోజుల ముందు పరుగెత్తుకుంటూ వచ్చేవి. ఇది కావాలని చెప్పరు, "మా మోటారు తిరగట్లేదు" అంటారు. ఏం వాడారు, ఎన్ని వోల్టులు, వైరు ఎంత లావు అని అడిగి అడిగి, చివరికి ఒకటిన్నర డాలర్ల ఫ్యూజు ఇచ్చి పంపేవాళ్ళం. అందరు కస్టమర్లలోనూ నాకు ఇష్టమైనవాళ్ళు వాళ్ళే. ఇప్పుడు హార్డ్‌వేర్ ఇంజినీర్‌ని. ఇంటర్వ్యూలో "ఎందుకు ఈ రంగం" అంటే నేను చెప్పే జవాబు ఆ వేసవే.

మూసేసిన రోజు మాత్రం నాకు బాధ కలిగింది పనివాళ్ళ గురించి. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు చేసినవాళ్ళు ఉన్నారు. షాపు గురించి ఎంత తలుచుకున్నా, ఆ అరలు సర్దినవాళ్ళనీ తలుచుకోవాలి.

---

ఆస్టిన్_శేఖర్ | శనివారం సాయంత్రం 5:40

బాగా చెప్పావు తమ్ముడూ. ఆ మాట ఎవరో ఒకరు అనాల్సిందే.

---

పాత_సన్నీవేల్ | శనివారం రాత్రి 8:25

అందరివీ చదివాను. నా ముక్క కూడా చెప్తాను.

మేం నలుగురం రూమ్మేట్లం, ఒక్క కంప్యూటర్ లేదు. కట్టిన కంప్యూటర్ కొనే డబ్బు లేదు. సెలెరాన్ 300ఏ అని చవక ప్రాసెసర్ వచ్చింది, దాన్ని 450 మెగాహెర్ట్జ్‌కి నడపొచ్చని ఆఫీసులో ఎవరో చెప్పారు. నలుగురం డబ్బులేసుకుని ఫ్రైస్‌లో ముక్కముక్కగా కొన్నాం. మా కంపెనీలో మేం చేస్తున్నది కోబాల్ కోడ్‌లో తారీఖులు దిద్దడం. కంప్యూటర్ లోపల ఏముంటుందో మాలో ఎవరం అప్పటిదాకా చూడలేదు. ఆ రాత్రి హీట్ సింకు బిగించి, బయోస్ అనే సెట్టింగుల తెరలో బస్ స్పీడు 66 నుంచి 100కి మార్చి, స్క్రీన్ మీద 450 అని కనపడగానే నలుగురం తిరునాళ్ళలో పిల్లల్లా అరిచాం. పక్క అపార్ట్‌మెంటువాళ్ళు తలుపు కొట్టారు.

2001లో ఉద్యోగాలు పోయాయి. మాలో ఒకడు ఇండియా వెళ్ళిపోయాడు. ఇంకొకడు ఆ కంప్యూటర్ మీదే లినక్స్ నేర్చుకుని కొత్త ఉద్యోగం తెచ్చుకున్నాడు. మాకు దారి చూపించింది ఎవరి కోర్సూ కాదు. ఒక వస్తువుని విప్పి చూడొచ్చు, పాడైతే మళ్ళీ కొనుక్కోవచ్చు అన్న ధైర్యం. ఆ ధైర్యం కావాలంటే ముక్కలు దొరికే చోటు ఇంటికి దగ్గరలో ఉండాలి. ఫ్రైస్ పోయిందంటే నాకు పోయింది అది.

ఒక్క ఫ్రైసే కాదు కూడా. సన్నీవేల్‌లో వియర్డ్ స్టఫ్ 2018లో మూతపడింది, శాంటా క్లారాలో హాల్టెడ్ 2019లో. పాత ఓసిలోస్కోపులు, వాడేసిన సర్వర్ బోర్డులు కుప్పలుగా ఉండేవి వాటిలో. చిప్పుల పేరుతో ఊరి పేరు తెచ్చుకున్న చోట, చిప్పు చేత్తో పట్టుకుని కొనుక్కునే కొట్లు వరుసగా పోయాయి. భూమి అంత ఖరీదయ్యాక ఒక డాలరు ప్యాకెట్లు అమ్మే కొట్టుకి అద్దె ఎక్కడినుంచి వస్తుంది?

---

కొత్త_బ్యాచ్_22 | శనివారం రాత్రి 9:03

అన్నా, నేను పొద్దున్న అడిగినదానికి ఇప్పుడు అర్థమైంది. నేను ఎంబెడెడ్ చదువుతున్నా. ల్యాబ్‌లో కిట్ ఇస్తారు, అన్నీ లెక్కపెట్టి ఇస్తారు. ఒకటి కాలితే పోనీలే అనుకుని ప్రయత్నించే వీలు ఉండదు. రూమ్‌లో సోల్డరింగ్ మొదలుపెట్టాలని ఉంది. ఎక్కడికి వెళ్ళాలి, ఏం కొనాలి?

---

సోల్డర్_మావయ్య | శనివారం రాత్రి 9:20

శాంటా క్లారా దగ్గరలోనే ఉంటే రేపు మైక్రో సెంటర్‌కి రా. పదకొండింటికి నేనూ వస్తా. టెంపరేచర్ మార్చుకునే ఐరన్ తీసుకో, మరీ చవకది వద్దు. సీసం కలిసిన 63/37 సోల్డర్ కొత్తవాళ్ళకి సులువుగా కరుగుతుంది, కానీ కిటికీ తెరిచి పెట్టు, పని అయ్యాక చేతులు కడుక్కో. సోల్డర్ బాగా అంటుకోవడానికి ఫ్లక్స్, ఎక్కువైన సోల్డర్ తీసేయడానికి రాగి అల్లిక టేపు కూడా. ప్రాక్టీసుకి పాత బోర్డులు నా గ్యారేజీలో చాలా ఉన్నాయి, ఒక డబ్బా తెస్తాను.

---

ఫ్రీమాంట్_పద్మ | శనివారం రాత్రి 9:28

మా చిన్నవాడు కూడా వస్తానంటున్నాడు అండీ, తొమ్మిదో క్లాసు. తీసుకురావచ్చా?

---

సోల్డర్_మావయ్య | శనివారం రాత్రి 9:31

తప్పకుండా తీసుకురండమ్మా. వాడికి కళ్ళజోడు ఒకటి నేనే తెస్తా, సోల్డర్ చిట్లితే కంట్లో పడకుండా.